కంభము చెరువుపై పడవల సంఘము

త్రాగునీటికి బిందెలు వరుస పెట్టుకొను సీమలో పడవ పందెముల ప్రసంగమేల యని మా చదువరులలో కొందరు నవ్వవచ్చును. మార్కాపురము, గిద్దలూరు, బేస్తవారిపేట ప్రాంతముల పేరు చెప్పినంతనే తక్కిన ఆంధ్రదేశమునకు స్ఫురించునవి కరవు, ఫ్లోరైడు నీళ్ళు, వలసలు, నల్లమల కొండలు, మార్కాపురపు పలకలు. తెడ్డు స్ఫురింపదు. అయినను ఈ సీమనడుమనే, బేస్తవారిపేటకు కొలది మైళ్ళ దూరమున, మన పూర్వులు కట్టిన మహాతటాకమొకటి యున్నది. దాని గట్టుమీదుగా పోవువారు వేలు. దానిలో దిగి ఈదగలవారు పదులు. దానిపై తెడ్డు వేయగలవారు చేపలు పట్టి జీవించు కొలదిమంది మాత్రమే. ఈ లోపమును గూర్చియే మేము నేడు ముచ్చటింప దలచినాము.

కంభము చెరువు సంగతి తెలియనివారికై నాలుగు మాటలు. గుండ్లకమ్మ నల్లమలనుండి దిగివచ్చుచు రెండు కొండల నడిమి యిరుకున దూరిపోవు చోట అడ్డముగా కట్ట వేసిరి. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. కట్ట యెత్తు 57 అడుగులు. చెరువులోనికి నీరు వచ్చి చేరు పరీవాహకప్రాంతము 430 చదరపు మైళ్ళు. దీనిక్రింద నేరుగా సాగగు భూమి పదివేల యెకరములకు పైమాట. ఇవి దొరతనమువారి పాత గెజెటీరులలోని లెక్కలు. చెరువు నిండిననాడు నిడివి సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 3.5 కిలోమీటర్లు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముల పట్టికలో చేర్చిరి. అదే సంవత్సరమున పోరుమామిళ్ళ చెరువును, కర్నూలు–కడప కాలువయు ఆ గౌరవమునకు పాత్రములైనవి. పట్టిక కెక్కుట సంతోషమే. కాని పట్టిక కెక్కిన చెరువునకు పూడిక తీయువారును, ముంపు నేలను ఆక్రమించువారిని అడ్డగించువారును దానంతట తాము రారు. చెరువును ప్రేమించు జనము కావలెను. ఊరివారు వారమునకొకమారైనను దాని నీటిపైకి పోవుచున్న చెరువును దొంగిలించుట తేలిక కాదు.

పడవ నీటిని త్రాగదు. ఈ చిన్న మాటను ఆయకట్టు రైతులు మొదట గుర్తింపవలెనని మా ప్రార్థన. వరి మడికి పోవు నీటిలో ఒక్క చుక్కయు పడవ పందెమువలన తరుగదు. అట్లని చెరువు నీటిపై రైతునకు గల హక్కు తేలిక యైనదని మే మనము. సంఘము ఏర్పడినయెడల దాని మొదటి నిబంధన ఇది కావలెను: నీటిమట్టము ఎంతవరకు దిగిన తరువాత పడవలను గట్టు కెక్కింపవలెనో ఆయకట్టుదారులు నిర్ణయింతురు, సంఘము మారుమాట లేక పాటించును. ఆటకొరకు తూము మూయుమని కోరు హక్కు ఎవరికిని లేదు.

తెడ్డు పందెములనగా మనవారికి దొరల వినోదమను భావము గాఢముగా నాటుకొని యున్నది. అది నిష్కారణము కాదు. రెగట్టా యను మాటయే వెనిసు నగరమునుండి వచ్చినది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థుల మొదటి పందెము 1829లో జరిగినది. హెన్లీ రెగట్టా 1839లో ఆరంభమైనది. తెల్లవారు తాము పోయిన చోటికెల్ల ఈ యాటను వెంటబెట్టుకొనిపోయిరి. 1858లో కలకత్తా రోయింగు క్లబ్బును, 1867లో అడయారు నదిపై మద్రాసు బోటు క్లబ్బును నెలకొల్పిరి. 1898లో మద్రాసువారికిని కొలంబోవారికిని పందెములు మొదలైనవి. మన నది, మన గాలి, మన గట్టు. పడవలలో కూర్చుండువారు మాత్రము వారు. పడవలను మోసి నీటిలో దింపుటకు మాత్రము మనవారి భుజములు పనికివచ్చెడివి. 1932లో కలకత్తాలో భారతీయులు తమకు తాముగా లేక్ క్లబ్బును స్థాపించుకొనుట చిన్న విషయముగా మేము తలపము. తలుపు తట్టుచు నిలుచుటకంటె వేరొక యిల్లు కట్టుకొనుట మేలని వారు నిరూపించిరి.

జాతిభేదమే కాదు, ఈ యాటలో వర్గభేదమును తక్కువది కాదు. హెన్లీ పెద్దలు 19వ శతాబ్దమున ఒక నియమము చేసికొనిరి. చేతిపని చేసి కూలి తీసికొనువాడు, వడ్రంగి, కమ్మరి, శ్రామికుడు తమ పందెములకు తగడట! బరువు లెత్తి లెత్తి కండలు గట్టిపడినవానితో మృదుశరీరులు పోటీపడుట అన్యాయమని వారి వాదము. 1920లో అమెరికా దేశపు జాన్ కెల్లీ అను ఇటుకపనివాడు హెన్లీలో ఒంటరి పడవ పందెమునకు దరఖాస్తు పెట్టగా త్రోసివేసిరి. ఆయన క్లబ్బుపై పూర్వమునుండి యున్న నిషేధ మొక కారణము, ఆయన చేతిపనివాడగుట రెండవ కారణము. కెల్లీ ఆ వేసవియందే ఆంట్వెర్పు ఒలింపిక్ క్రీడలకు పోయి స్వర్ణపతకము గెలిచెను. చేతిపనివారిని వెలివేసిన ఆ నియమము 1930వ దశకము చివరకుగాని తొలగలేదు. ఆయన కుమారుడు 1947లో అదే హెన్లీలో, అదే పందెమున గెలుపొందెను. ఈ కథను మేము వినోదమునకు చెప్పుటలేదు. రేపు కంభము చెరువుపై సంఘమొకటి ఏర్పడి, నెలచందా ఇంతయని, తెల్లని దుస్తులు ఇట్టివని, సభ్యుల నిద్దరు సభ్యులు సిఫారసు చేయవలెనని నిబంధనలు వ్రాసికొనిన పక్షమున, తాతల కాలమునుండి ఆ నీటిపై బ్రదుకుచున్న మత్స్యకారుడు గట్టున నిలిచి చూడవలసివచ్చును. హెన్లీ పాపము కంభములో పునరావృతము కారాదు.

బేస్తవారమనగా మన సీమలో గురువారము. అయినను బేస్తవారిపేట పేరు పొరుగు జిల్లాలవారు కొందరు బెస్తవారిపేటయని పలుకుట మేము వినియున్నాము. ఉచ్చారణ దోషమే, కాని ఈ సందర్భమున ఆ దోషము మాకు శుభశకునమువలె తోచినది.

కరవుసీమ బిడ్డలకు తెడ్డు పట్టుట చేతకాదను సందేహమును మన దేశ చరిత్రయే ఖండించుచున్నది. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఒంటరి పడవ పందెమున స్వర్ణము గెలిచి, ఈ యాటలో భారతదేశమునకు ఆసియా క్రీడల తొలి స్వర్ణము తెచ్చినవాడు బజరంగలాల్ తాఖర్. ఆయన జన్మస్థలము గంగాతీరము కాదు, కేరళపు కాయలు కాదు. రాజపుతానా ఎడారి ప్రాంతము. సైన్యమున చేరిన తరువాతనే ఆయనకు తెడ్డు చేతికి వచ్చినది. మహారాష్ట్రమున నాసిక్ జిల్లా చాంద్వడ్ తాలూకా మన గిద్దలూరు, కనిగిరి తాలూకాలవలె కరవుకు పెట్టినది పేరు. ఆ తాలూకా పల్లెలో తండ్రితోబాటు బావులు త్రవ్వి కూలి సంపాదించిన దత్తు భోకనల్ 2012లో సైన్యమున చేరెను. నీళ్ళనిన మొదట భయపడినవాడు. 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో ఒంటరి పడవ పందెమున 13వ స్థానము పొందెను. 2018 ఆసియా క్రీడలలో పాలెంబాంగ్‌లో నలుగురు కూడి నడుపు పడవలో స్వర్ణపతకము పంచుకొనెను. నీటికొరకు భూమిని త్రవ్వినవాడు నీటిపైనే కీర్తి గడించెను! 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో మనవారికి ఈ యాటలో రెండు రజతములు, మూడు కాంస్యములు, మొత్తము 5 పతకములు లభించినవి. గెలిచినవారిలో హెచ్చుమంది పల్లెటూళ్ళనుండి సైన్యమునకు పోయిన సిపాయీలు.

మరి ఆంధ్రుల మాట యేమి? సిగ్గుపడవలసినంత లేదు గాని గర్వపడవలసినంతయు లేదు. సాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ ముద్రింపబడినది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. గుండ్లకమ్మ పోయి కలియునది ఆ మోటుపల్లి సముద్రమునందే. ఇంతటి నౌకావారసత్వము గల జాతికి నేడు పడవ యనిన పాపికొండల విహారము, లేదా వరదలలో వచ్చు సర్కారు మరబోటు. కాలువల మీద పడవ ప్రయాణము మన తాతలతో పోయినది. అయినను మొలకలు లేకపోలేదు. హైదరాబాదు హుస్సేన్‌సాగరముపై 2002 జాతీయ క్రీడలనాడు తెడ్డు పందెములు జరిగినవి. తరువాతను జాతీయ పోటీలు అచ్చట పలుమారులు సాగినవి. 2009లో ఏర్పడిన హైదరాబాదు యాట్ క్లబ్బువారు వర్షర్తువున రెగట్టా జరుపుదురు. అది తెరచాప పడవల పందెము, తెడ్డుది కాదు. కాని వారు చేసిన పని యొకటి మాకు మెచ్చదగినదిగా కనబడుచున్నది. కూలివారి బిడ్డలను, సర్కారు బడుల బాలబాలికలను తెచ్చి నేర్పిరి. ఆ పిల్లలు దేశపు పోటీలలో పతకములు తెచ్చిరి. కృష్ణానది ఒడ్డున నాగాయలంకలో జలక్రీడల శిక్షణ మొదలై, పల్లె పిల్లలు కయాకు, కనో పడవలు నేర్చిరి. 2025 సంక్రాంతికి కోనసీమలో ఆత్రేయపురము కాలువపై కేరళ రీతిని పడవ పందెములు జరిగి, జనము గట్లమీద బారులు తీరి చూచిరి. కోడిపందెములకు ప్రసిద్ధికెక్కిన పండుగనాడు కత్తి కట్టని పందెమునకు జనము చేరుట మాకెంతయు హర్షదాయకము.

కేరళము పేరు వచ్చినది గనుక ఒక్క మాట. 1952లో జవహర్లాల్ నెహ్రూ ఆలప్పుళ కాయలపై సర్పపు పడవల పందెము చూచి, ఉత్సాహము పట్టలేక గెలిచిన పడవలోనికి తానే దిగినాడు. ఢిల్లీ చేరిన పిదప వెండి పడవ నొకదానిని చేయించి పంపెను. ఆ బహుమతి పేరిట నేటికిని పున్నమడ కాయలపై ఏటేట పందెములు సాగుచున్నవి. ఒక్కొక్క పడవను ఒక్కొక్క గ్రామము తనదిగా భావించును. చందా లెత్తును, నెలల తరబడి అభ్యాసము చేయును, గెలిచిన పండుగ, ఓడిన దుఃఖము. ఇట్టి గ్రామాభిమానము మనకును కలదు. మన పల్లెలలో ఎడ్ల బండలాగుడు పందెముల నాడు ఒంగోలు జాతి యెద్దులకై ఊళ్ళకు ఊళ్ళు కదలివచ్చుట చూచినవారు దీనిని సందేహింపరు. యెద్దుల జత కొరకు గొంతు చించుకొను జనము తమ బిడ్డలెక్కిన పడవ కొరకు చించుకొనదా?

ఇచ్చట ఒక భేదమును తెలియజేయుట యవసరము. సర్పపు పడవలో, డ్రాగను పడవలో, కయాకులో కూర్చున్నవాడు పోవు దిక్కునకే ముఖము పెట్టి చేతి తెడ్డుతో నీటిని వెనుకకు త్రోయును. రోయింగను ఆటలో తెడ్డు పడవ ప్రక్కకు బిగింపబడి యుండును. నడుపువాడు వెనుకకు తిరిగి కూర్చుండును. అతని పీట చక్రములపై ముందు వెనుకలకు జారును. లాగుట చేతులతో నని చూచువారనుకొందురు గాని నిజమునకు బలమంతయు తొడలది, నడుముది. ఒక్కొక్కనికి రెండేసి తెడ్లుండు పద్ధతి యొకటి, ఒక్కొక్కటే యుండు పద్ధతి యొకటి. ఎనమండుగురు లాగు పడవలో తొమ్మిదవవాడు చుక్కాని పట్టి ఆజ్ఞలిచ్చును. ఒలింపిక్ పందెముల దూరము చిరకాలముగా 2000 మీటర్లు. పందెమునకు పనికివచ్చు ఒంటరి పడవ బరువు 14 కిలోలకు తగ్గరాదని నియమము. ఆ పడవ నొక్క యువకుడు భుజముపై మోసికొని పోవచ్చును. గమ్యము కనబడకయే, వెనుకనున్న తీరమును చూచుచు ముందుకు పోవు ఆట ఇది. మన రాజకీయ నాయకులలో పలువురు ఈ విద్యయందు శిక్షణ లేకయే ఆరితేరినారని మా మిత్రు డొకడు చమత్కరించెను.

పిల్లలకు మొదట ఈ సన్నని పందెపు పడవలు పనికిరావు. అవి తెడ్డు తప్పిన క్షణమున తిరగబడును. వెడల్పు పడవలతో నేర్వవలెను. మొదటి సంవత్సరమున 2000 మీటర్లతో పని లేదు. 500 మీటర్లు చాలును.

ఇక అసలు భయము. ఈ సంగతిని దాటవేసి పడవలను పొగడుట మా కలమునకు తగదు. 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణా గోదావరుల పవిత్ర సంగమమున పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. మృతులలో పెక్కురు ఒంగోలునుండి కార్తిక మాసమున విహారమునకు పోయినవారు. ఈ జిల్లాలో ఆనాటి దుఃఖమును ఎవరును మరువలేదు, మరువరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరువద్ద మునిగిన పడవలో 77మంది యుండగా 26మంది మాత్రమే బ్రదికి బయటపడిరి. ఇవి విహారపు పడవలు, పందెపు పడవలు కావని సమాధానము చెప్పుకొనుట సులభము. ఆ సమాధానమునకును తావులేదు. 2022 మే మాసమున కలకత్తా రవీంద్ర సరోవరములో బడుల పోటీకై అభ్యాసము చేయుచున్న ఇద్దరు బాలురు సాయంకాలపు గాలివానలో చిక్కుకొని మరణించిరి. నూరేండ్లకు దగ్గరగా తెడ్డు పందెములు సాగుచున్న సరస్సది. అనుభవము గల క్లబ్బులు గట్టుననే యున్నవి. అయినను గాలివాన ఎవరి అనుభవమును లెక్కచేయలేదు.

కంభము చెరువు రెండు కొండల నడుమ నున్నది. వేసవి సాయంకాలములందు నల్లమలపైనుండి దిగు గాలి ఎట్టిదో ఆ సీమవారికి మేము చెప్పనక్కరలేదు. కావున సంఘమునకు రెండవ నిబంధన: ఈత రానివాడు పడవ ఎక్కరాదు. వాని తండ్రి జమీందారైనను సరియే, శాసనసభ్యుడైనను సరియే. మూడవది: తేలుచొక్కా లేక గట్టు విడువరాదు. నాల్గవది: పడవలు నీటిపై నున్నంతసేపు వానిని రక్షించు మరబోటొకటి నీటిపై నుండవలెను, గట్టుపై తాళము వేసి కాదు. అయిదవది: ఆకాశమును చూచి 'నేడు వద్దు' అను అధికారము ఒక్కనికే యుండవలెను, వాని మాటకు అధ్యక్షుడును, ముఖ్య అతిథియు లోబడవలెను. మంత్రిగారు బయలుదేరినారు గనుక పందెము ఆపరాదను మాట మనదేశమున వినబడుట క్రొత్త కాదు.

ఆ అధికారము ఎవరికీయవలెనను ప్రశ్నకు మాకు చెరువు గట్టుననే జవాబు దొరకినది. కొంతకాలము క్రిందట మేము కట్టపై నిలిచియుండగా వల భుజమున వేసికొని వచ్చుచున్న వృద్ధుడొకడు తారసపడెను. ఇచ్చట పిల్లలకు పడవ పందెములు నేర్పిన నెట్లుండునని యడిగితిమి. ఆయన చాలసేపు నీటివంక చూచి, "పందెం సంగతి తర్వాత సామీ. ముందు ఈత నేర్పించండి. ఈ ఊళ్ళల్లో పిల్లోళ్ళు కుంటలో దిగితే బయటికి తెచ్చేది మేమే. బతికుంటే తెస్తాము, లేకుంటే అట్లా తెస్తాము" అనెను. మేము మరల నోరు విప్పలేకపోతిమి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో చిన్నబిడ్డలు, యువకులు హెచ్చు. ఐక్యరాజ్యసమితి జూలై 25వ తేదీని ఈ మరణముల నివారణకై ప్రత్యేక దినముగా 2021లో ప్రకటించినది. ఆ తేదీని మన పాఠశాలలలో ఎందరు గుర్తుంచుకొందురో! కరవుసీమలో నీటి భయము తక్కువయని తలచుట పొరపాటు. ఏడాదిలో పదినెలలు నీరు చూడని బాలుడు వానకు నిండిన కుంట కనబడగానే దుముకును. వానికి లోతు తెలియదు, బురద తెలియదు, ఈత తెలియదు.

అందుచేత పడవల సంఘము మొదట ఈత బడిగా పుట్టవలెనని మా అభిప్రాయము. ఆ బడికి గురువులు దూరమునుండి రానక్కరలేదు. చెరువు గట్టుననే యున్నారు. వారికి గౌరవవేతన మీయవలెను. సంఘపు కార్యవర్గములో సగము స్థానములు మత్స్యకారులవి, ఆయకట్టు రైతులవి కావలెను. వలలు వేసియుండు చోటులకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమునకు పడవలు దూరముగా నుండవలెను. గాలి చూచి 'వద్దు' అను అధికారమును ఆ గురువులలో నొకనికే యీయవలెను. తెడ్డు పట్టు కొత్త రీతిని నేర్పుటకు మాత్రము సైన్యమున నేర్చి విశ్రాంతి పొందిన వారిని, హైదరాబాదునుండి శిక్షకులను పిలిపింపవచ్చును. ఈ సీమనుండి సైన్యమునకు పోయిన యువకులు తక్కువవారు కారు.

చెరువు ఎండినయేడు సంఘ మేమి చేయునను ప్రశ్న న్యాయమైనది. వరుస కరవులలో కంభము చెరువు అడుగు కనబడుట ఈ తరమువారు చూచినదే. నల్లమలను తొలిచి కృష్ణ నీటిని తెచ్చు వెలిగొండ సొరంగములను 2024 మార్చిలో జాతికి అంకితము గావించిరి. ఆ పథకపు లెక్కలలో నల్లమలసాగరమను మహాజలాశయము కలదు. నీరు పొలము చేరిననాడు మాత్రమే మేము దానిని లెక్కింతుము. అందాక చెరువు ఎండిన కాలమున తెడ్డు లాగు యంత్రములపై అభ్యాసము చేయవచ్చును. గదిలో కూర్చుండి పీట జార్చుచు గొలుసు లాగు ఆ యంత్రములపై ఇతర దేశములలో పెద్ద పోటీలే జరుగుచున్నవి. రెండు యంత్రములు, ఒక పాఠశాల వరండా చాలును. బజరంగలాల్ పుట్టిన ఎడారిలో అదియును లేదు.

ఆడపిల్లల మాట చివరకు వ్రాయుటకు మాకే సిగ్గుగా నున్నది, మొదటనే వ్రాయవలసినది. త్యాగరాజస్వామి నౌకాచరిత్రమున యమునపై పడవ ఎక్కినవారు గోపికలు. తుఫానులో నావ నీరు త్రాగు ఘట్టమును ఆయన తెలుగుననే రచించెను. కంభము చెరువు కట్టించినదియు స్త్రీయే యని సీమవారి విశ్వాసము. అట్టి చెరువుపై స్త్రీలకు ప్రవేశ మడుగుట హాస్యాస్పదము. బడిలో ఈడేరిన పిల్లలను ఆటలు మాన్పించు అలవాటు ఈ మండలములలో నేటికిని కలదు. దీనికి సంఘము చేయదగిన పని ఉపన్యాసము కాదు: బట్టలు మార్చుకొనుటకు తలుపున్న గది, ఈత నేర్పుటకు మత్స్యకార కుటుంబముల స్త్రీలు, ఉదయపు వేళ, ఇంటికి చేర్చు బండి. ఈ నాలుగు అమరినచో తల్లిదండ్రులలో పెక్కురు కాదనరు.

రానున్న పోటీల సంగతియు సూక్ష్మముగా చెప్పెదము. 2026 ఆసియా క్రీడలకు జపానులోని ఐచి–నగోయాలు వేదికగా నిర్ణయింపబడినవి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో సముద్రపు గట్టునుండి పరుగెత్తి పడవ ఎక్కి, అలలపై పోయి మరలి వచ్చు పందెమును తొలిసారి చేర్చినారు. అలలపై తెడ్డు వేయుట ఒలింపిక్ విద్య యైనదన్న వార్త కొత్తపట్నము తీరపు పిల్లలకు ఎవరైన చెప్పిరా? మడినీటి విద్య కంభమున, ఉప్పునీటి విద్య కొత్తపట్నమున నేర్చు బాలురు బాలికలు ఒకనాడు ఏటి పొడవున ఎదురుపడగలరు. గుండ్లకమ్మ కొండకును కడలికిని నడుమ త్రోవ చూపుచునే యున్నది.

ధనము మాట వచ్చును. కంభము చెరువును ప్రపంచ వారసత్వపు కట్టడమని చెప్పుకొను సర్కారు దానికై కొంత వ్యయము చేయుట ధర్మము. పందెపు పడవలు ఖరీదైనవి, వెంటనే కొననక్కరలేదు. మొదటి యేడు కావలసినవి తేలుచొక్కాలు, రక్షణబోటు, నాలుగు వెడల్పు పడవలు, గురువుల వేతనము. ఈ మొత్తము ఒక్క ఉత్సవపు రంగురంగుల దీపములకు మన పురపాలకులు పెట్టు వ్యయమును మించునని మేము తలపము. విరాళము లిచ్చువారు తమ పేరు పడవపై వ్రాయించుకొందురు గాక. ఊరి పేరు మాత్రము పెద్ద అక్షరములతో నుండవలెను.

బేస్తవారిపేట, కంభము, అర్ధవీడు, గిద్దలూరు ప్రాంతముల ఉపాధ్యాయులు, రైతు పెద్దలు, మత్స్యకార సహకార సంఘముల వారు కూడి ఒక్క సమావేశము జరుపుదురేని, వార్తను ప్రకటించుటకు ఈ పత్రికలో స్థలము సిద్ధముగా నున్నది. బేస్తవారిపేటలో జరుపుట యైనచో బేస్తవారమునాడే జరుపుదురు గాక. ఆనాటి కార్యక్రమమున పందెపు ముచ్చట పెట్టనక్కరలేదు. ఈత నేర్పుటకు ఎందరు మత్స్యకారులు ఒప్పుకొనిరో, ఏ ఏ బడులనుండి ఎందరు పిల్లలు రాగలరో, ఆ పట్టిక యొకటి వ్రాసి మాకు పంపిన చాలును.